ఐలవ్వ వైపు గట్టు

శంకరవ్వ ఇంకో బిందె నీళ్లు కొమ్మ మొదట్లో కుమ్మరించింది. ఎండిన మన్ను చప్పున మింగేసింది. నడుం పట్టుకుని లేచి, వద్దనుకుంటూనే అవతలి వైపు చూసింది.

ఎండిన వాగు గట్టు కోసుకుపోకుండా పంచాయతీ వాళ్లు నీటి ఒడ్డున పెరిగే ఏటిపాల చెట్టు కొమ్మలు తెచ్చి నాటించారు. ఈ సగానికి నీళ్లు పోసే పని శంకరవ్వది, ఆ సగానికి ఐలవ్వది. అన్నీ ఒక్క రోజు నాటినవే. ఐలవ్వవి చిగుళ్లు వేశాయి. శంకరవ్వవి పొయ్యిలోకి పనికొచ్చేలా ఉన్నాయి.

ఐలవ్వ దాచిందేమీ లేదు. అడుగున చిల్లు పెట్టిన కుండను కొమ్మ పక్కనే మెడదాకా పాతి నీళ్లు నింపుతుంది. నీరు నిదానంగా వేరుకే దిగుతుంది.

“నువ్వు గూడ పెట్టు సెల్లె. నీ నడుముకు జర సుకముంటది” అంది కూడా. ఆ మంచితనమే శంకరవ్వకు మరీ మండింది. పెద్ద చెప్పొచ్చింది!

“పీనుగు సుట్టు తిరిగేటప్పుడు భుజాన పెట్టే కుండకు గదనే సిల్లు పొడిచేది? గది తెచ్చి ఊరి గట్టుకు పాతుతవా? ఎవర్నో మింగుతది సూడు” అని నల్లా దగ్గర అందరూ వినేలా అనేసింది. ఐలవ్వ నవ్వింది. విన్నవాళ్లు నవ్వలేదు.

ఇవాళ ఐలవ్వ పనికి రాలేదు. జ్వరమొచ్చి పడుకుంటే ఆ చిగుళ్ల పొగరు అణుగుతుందని శంకరవ్వ లోలోపల సంబరపడింది. అయినా సద్ది తింటూ అటే చూసింది.

పొద్దు వాలుతుండగా ఐలవ్వ మరిది రాజం, ఇంకొందరు గడ్డపారలతో గట్టెక్కారు.

“మా వదినె పోయింది, శంకరక్కా. రాత్రి ఛాతిల నొస్తుందంటే కరీంనగర్ దవాఖానకు తీస్కపోయినం. శవమింకా రాలే” అన్నాడు రాజం. “నువ్వన్నట్టే అయింది. ఇంకెవర్ని మింగకముందే గీ కుండలు తీసేస్తం.”

ఉత్తగనే అన్నానని చెప్పడానికి శంకరవ్వ నోరు తెరిచింది. చెబితే కుండలుంటాయి. కుండలుంటే చిగుళ్లుంటాయి. పోయాక కూడా ఐలవ్వదే పైచేయి అవుతుంది. ఇలాంటి వేళ ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే భయమేసింది. అయినా నోరు మూసుకుంది.

గడ్డపార పోట్లకు కుండలు పగిలాయి. వాటిని చుట్టుకున్న సన్నని తెల్ల వేళ్లూ తెగాయి. పెంకులు గంపలకెత్తుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఇక గట్టంతా ఒక్కతీరుగానే ఎండుతుంది.

శంకరవ్వ మెల్లగా అటు నడిచింది. ఒలికిన నీళ్లు అప్పుడే ఇంకిపోయాయి. ఒక గుంత అడుగున, నీళ్లు బొట్టుబొట్టుగా కారేందుకు ఐలవ్వ కుండ చిల్లులో కుక్కిన పాత చీర పేలిక ఇంకా తడిగానే ఉంది.