ఒనోటోవాకి వెళ్ళాల్సిన ఫ్రిజ్

ఇద్దరు పట్టాల్సిన అట్టపెట్టె ఒంటి చేత్తో పైకి లేచేసరికి ప్రాజెక్టు కొనుగోళ్ళు చూసే అరెటా గుండె గుభేలుమంది: లోపల టీకాల ఫ్రిజ్ లేదు.

"టిరోబా!"

గిడ్డంగి కాపలాదారు టిరోబా నోట్లో రొట్టెముక్కతోనే పరిగెత్తుకొచ్చాడు. ఖాళీ పెట్టెను చూశాడు. రొట్టె మింగడం మరిచిపోయాడు.

"అక్కా, తాళం చెవి నా మొలతాడుకే ఉంది. పడుకున్నా అక్కడే, స్నానం చేసినా అక్కడే. మా ఆవిడనడుగు."

"మీ ఆవిడని అలాంటివన్నీ అడగలేను గానీ, తాళం ఎవరు తీశారు?"

తాళం పగలలేదు. దానికి చెవులు మూడే. ఒకటి టిరోబా దగ్గర, ఒకటి అరెటా దగ్గర, మూడోది దాతల తరఫున వచ్చి ప్రాజెక్టును చూసుకుంటున్న లెనార్ట్ దగ్గర. అరెటా తీయలేదు. లెనార్ట్ అంటారా, బడ్డీలో టీ తాగినా రసీదు అడిగే మనిషి. ఇక మిగిలింది టిరోబానే. ఆ లెక్క టిరోబాకీ తెలిసిపోయింది, మొహం మాడిపోయింది.

ఆ ఫ్రిజ్ కోసం అరెటా పడని పాట్లు లేవు. మొదటిసారి టెండరు పిలిస్తే ఒక్కడే వేశాడు. ఒక్కడైతే కుదరదు, మళ్ళీ పిలవమన్నారు దాతలు. రెండోసారి వచ్చిన ఫ్రిజ్ కరెంటుతో నడిచేది. ఒనోటోవా దీవి ఆసుపత్రిలో కరెంటే లేదు. మూడోసారికి ఎండతో నడిచేది, సోలార్ పలకతో సహా వచ్చింది. అది సాయంత్రం పోటుకి బయల్దేరే ఓడ ఎక్కాలి. వచ్చేవారం విమానంలో పసిపిల్లల టీకాలు వెళ్తాయి. వాటి గడువు దగ్గరపడింది, ఆపడానికి లేదు. ఫ్రిజ్ ముందు చేరకపోతే ఆ టీకాలు ఇసుకలో పాతిపెట్టాల్సిందే. తర్వాతి ఓడ ఎప్పుడో ఆ ఓడకే తెలియదు.

ఇంతలో మోటారు సైకిలు దిగి లెనార్ట్ లోపలికొచ్చాడు. ఈ దీవుల భాషను పాదిరీల కాలంనాటి పుస్తకం చూసి నేర్చుకున్నాడతను. అందుకే నోరు తెరిస్తే ప్రార్థనే.

"ఏమి సంభవించెను?" అన్నాడు. విషయం విన్నాక మొహం సున్నం కొట్టినట్టయింది. "నా హృదయము మిక్కిలి కలత చెందుచున్నది."

"అయ్యగారికి ఆదివారం ముందే వచ్చేసింది," అని గొణిగాడు టిరోబా.

"పోలీసులకు చెప్పనా?" అంది అరెటా.

"వద్దు! దొంగ అను మాటను తొందరపడి పలుకకుడి." చెమట తుడుచుకున్నాడు లెనార్ట్. "మొదట వెదకుడి. వెదకినవారికి దొరకును."

అరెటా రోడ్డెక్కింది. వాకిలి ముందు ఇసుకలో ఫ్రిజ్ ఈడ్చిన గీత రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణించి ఏ బండి ఎక్కిందో దేవుడికెరుక. కాస్త దూరంలో చేపలమ్మేవాళ్ళ పక్కన మంచుగడ్డలమ్మే ఆవిడ గోనెపట్టా కప్పిన గడ్డల ముందు కూర్చుని అందర్నీ తిడుతోంది.

"ఇవాళ నా బేరం గంగపాలు! రేపు మీ దాతల పెద్దలకి మనియాబాలో విందట కదా? విందంటే చేపలు, చేపలంటే మంచు. ఆ వంటలు చేసే ఆడాళ్ళు ఒక్కతీ రాలేదు. చేపల్ని ముద్దులు పెట్టుకుని దాస్తారా?"

అరెటా ఆగిపోయింది. కొనుగోళ్ళలో ముదిరిన బుర్ర అది. ఎప్పుడూ కొనేవాళ్ళు ఉన్నట్టుండి కొనడం మానేశారంటే, ఆ సరుకు వాళ్ళకి ఇంకెక్కడో దొరికిందన్నమాట.

"అక్కా, నీ నోటికి దండం!" అని అటుగా వస్తున్న మినీ బస్సు ఎక్కేసింది.

తాటాకు కప్పు ఒంగి నేలను ముద్దాడేంత పెద్ద సభాశాల, మనియాబా. చూరు మీద సోలార్ పలక దర్జాగా ఎండ కాగుతోంది. లోపల చాపల మధ్య, పెళ్ళికూతురిలా మెళ్ళో పూలదండతో, గుర్రుమంటూ నిలబడి ఉంది ఒనోటోవా ఫ్రిజ్. అరెటా తలుపు తీసింది. వరసగా ట్యూనా చేపలు, కళ్ళు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాయి.

"మూసెయ్యవే పిల్లా, చల్లదనం పోతుంది!" అంది వంటలు చూసుకునే ముసలమ్మ టెకారా.

"అవ్వా! ఇది పసిపిల్లల టీకాలు పెట్టేది!"

"టీకాలున్నాయా ఇందులో? లేవుగా. ఖాళీగా పెట్టెలో మగ్గుతోంటే పనికి పెట్టాం. అయినా దాతల ఫ్రిజ్‌లో దాతలకి చేపలు, తప్పేముందే?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు.

"ఎవరిచ్చారు నీకు?"

టెకారా నాలిక కరుచుకుంది. "ఇచ్చినవాళ్ళ పేరు చెప్పి వీధిన పెడతామా? నేనడిగింది నవ్వులాటకే. బుబుసి, ఆ తెల్ల పెట్టె ఇయ్యి అన్నాను. తెలివున్నవాడైతే, అయ్యో నిన్ననే ఇంకొకరికి మాటిచ్చేశానే అంటాడు. ఇచ్చేస్తాడని ఎవరు కలగన్నారు? ఇచ్చింది వెనక్కిస్తే వాళ్ళ పరువేం కాను?"

ఈ దీవుల్లో బుబుసి అంటే కాదనకూడని కోరిక; ఆ మాట వినబడ్డాక కాదంటే మొహం చెల్లదు. అందుకే కొత్త చొక్కా కొన్నవాడు అది మాసేదాకా చుట్టాలిళ్ళకి పోడు. ఆ మాటకున్న పదును రెండు వైపులా ఉంటుందని అరెటాకి తట్టింది. చాప మీద కాళ్ళు మడిచి ముసలమ్మకెదురుగా కూర్చుంది.

టెకారా చటుక్కున రెండు చెవులూ మూసుకుంది. "వద్దు! అనొద్దు! నాకు చెవుడు!"

"బుబుసి, అవ్వా," అంది అరెటా గట్టిగా, మనియాబా మారుమోగేలా. "ఒనోటోవా పిల్లల కోసం ఆ ఫ్రిజ్ నాకియ్యి."

టెకారా చెవుల మీంచి చేతులు తీసి, పళ్ళులేని నోటితో నవ్వేసింది. "పట్టేసుకుంది, రాకాసి! తీసుకుపో. మరి ఈ చేపలేం చెయ్యనే, నెత్తిన పెట్టుకోనా?"

"ఇప్పుడే వండెయ్యి. విందు ఇవాళే. రేపటి పెద్దలకి వేరే చేపలు తెప్పించి మంచు కొను, పాపం ఆవిడ బేరం లేక ఏడుస్తోంది."

ఆ మాటతో మనియాబా కదిలింది. పొయ్యిలు రాజుకున్నాయి. ఇద్దరు ఫ్రిజ్‌ను సబ్బుతోనూ నిమ్మచెక్కలతోనూ తోమారు. "ట్యూనా వాసనొస్తే పిల్లలు టీకాకి లొట్టలేసుకుంటూ వస్తారే," అంది టెకారా. తినకుండా కదలనివ్వం అని అరెటా నోట్లో చేపముక్క కుక్కారు. లారీ వెనక ఫ్రిజ్, దాని చుట్టూ పాడుతూ ఆడవాళ్ళు, ఊరేగింపు రేవుకి బయల్దేరింది.

రేవులో కాప్టెన్ గంతులేస్తున్నాడు. "పోటు నా మేనమామ కాదు ఆగడానికి! తొందరగా ఎక్కించండి!"

ఫ్రిజ్ తాళ్ళ మీద గాలిలోకి లేచి, ఊగి, డెక్కు మీద దిగింది. సోలార్ పలక దాని పక్కనే పడుకుంది. ఓడ కూత వేసి కదిలాక గానీ అరెటాకి ఊపిరాడలేదు.

అప్పుడు, ఫ్రిజ్ దొరికిందని విని రేవుకి పరిగెత్తుకొచ్చిన టిరోబా ఆమె దగ్గరికొచ్చాడు. మొలతాడు నుంచి తాళం చెవి విప్పి చాచాడు. "తీసుకో అక్కా. ఫ్రిజ్ దొరికింది గానీ గిడ్డంగి తలుపు తీసిందెవరో తేలలేదు. అందరి వేళ్ళూ నా మీదే. నీ ఉద్యోగానికెందుకు మచ్చ, నా పేరే చెప్పుకో."

"నువ్వు తీశావా?"

"నేను తీస్తే మా మామకే ఇచ్చుకుందును కదా!"

అరెటా ఆ చెవి వైపు చెయ్యి చాచలేదు. వెనక బూట్ల చప్పుడయింది. లెనార్ట్. రేవు చివరిదాకా నడిచొచ్చి, టోపీ తీసి, టిరోబా ఎదురుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"టిరోబా, ఆ చెవిని నీయొద్దనే ఉంచుకొనుము. తలుపు తీసినవాడను నేనే. బుబుసి అడిగినయెడల కాదనరాదని మాకు బోధించిరి. ఎట్లు తప్పించుకొనవలెనో ఎవరును బోధింపలేదు. ఆ అవ్వ నవ్వుచు అడిగెను, నేను నవ్వక ఇచ్చితిని. అది ఎవరికిని చెందని అదనపు పెట్టె అనుకొంటిని. ఉదయమున నిజము తెలిసినప్పుడు, భయముచేత నోరు మూసుకొని, నీవు నింద మోయుచుండగా చూచుచు నిలిచితిని. నన్ను క్షమించుము. అది మిక్కిలి బరువైన ఫ్రిజ్. ఆమె మనుమలు ఒక ప్రక్కను, నేను ఒక ప్రక్కను పట్టి బండి ఎక్కించితిమి."