ఐదులోనే అన్నా

నేను ఒక కాళ్ళ హార్మోనియాన్ని. కింద తొక్కుతుంటే గాలి నిండి, పైన మెట్లు నొక్కితే పలికే పెట్టెను. ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ వాయించే చిన్న పెట్టెలుంటాయే, దయచేసి వాటితో నన్ను కలపకండి. నేను స్టేజీ మీద ఒక పక్కన కూర్చుని రాజుల్నీ రాక్షసుల్నీ నా శ్రుతిలో పాడించినదాన్ని. ఆ మాత్రం గర్వం నాకుంది. ఇన్నేళ్ళు మనుషుల మధ్య బతికి అది అంటకుండా ఉండాలంటే ఎలా?

నన్ను చేసింది నరసరావుపేటలో బ్రహ్మయ్యాచారి. నా ఒళ్ళు టేకు. నాలోపల పలికే ఇత్తడి రేకులు గుజరాత్ నుంచి పార్సిల్లో వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, ఆకురాయితో సన్నగా గీకి, శ్రుతి సరిచేసేవాడు. "పెట్టె అబద్ధమాడకూడదే. పాడేవాడు ఆడితే వాడి ఖర్మ," అని భార్యతో అనేవాడు. "మరి నిన్న సాయంత్రానికల్లా ఇస్తానని పాస్టరుగారితో చెప్పిందెవరు, నువ్వా పెట్టా?" అని ఆవిడ అడిగేది. ఆచారి ఆకురాయి అందుకునేవాడు.

అలా ముందు పాస్టరుగారి చర్చికి చేరాను. ఈ లోకంలో ఏదీ మనది కాదని వాళ్ళంతా నాతో గొంతు కలిపి మనసారా పాడేవారు. పాట అవగానే ముందు వరస బెంచీ మాదంటే మాదని రెండు కుటుంబాలు మొహాలు మాడ్చుకునేవి. పదకొండేళ్ళ తర్వాత వాళ్ళకు కరెంటుతో పలికే కీబోర్డు వచ్చింది. నన్ను తలుపు వెనక్కి నెట్టి, నా మీద చీపుళ్ళు పెట్టారు. అక్కడినుంచి నన్ను తెచ్చుకున్నవాడు షేక్ కాలేషా.

కాలేషాది చిలకలూరిపేట. పగలు టైలరు, నాటకాలున్న రోజుల్లో హార్మోనిస్టు. పగలంతా కుట్టు మిషను తొక్కడం, సాయంత్రమైతే నన్ను తొక్కడం. అతని కాళ్ళకు మా ఇద్దరికీ తేడా తెలిసేదో లేదో. ఎడమచేతి చిటికెన వేలు లేదు. చిన్నప్పుడు రైసుమిల్లు బెల్టులో పోయింది. ఎవరైనా అయ్యో అంటే నవ్వేవాడు. "స్వరాలేమో ఏడు. వేళ్ళేమో తొమ్మిది. ఇంకా రెండు ఎక్కువే ఉండయి గదా," అనేవాడు.

అదీ అతని తీరు. సైకిలు పోతే, నడక ఒంటికి మంచిదన్నాడు. వరదొచ్చి కొట్లో బట్టలన్నీ తడిస్తే, ఉతికే పని తప్పిందన్నాడు. అతని భార్య జాన్‌బీకి ఈ మాటలు వింటే ఒళ్ళు మండేది. "ఇల్లు కాలిపోతే చలి కాచుకుందామంటాడు ఈ మనిషి," అని ఆవిడ వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది. కాలేషా దానికీ నవ్వేవాడు.

ఇక రెండో మనిషి తాళ్ళూరి రాఘవులు. పద్యనాటకాల్లో పేరున్న నటుడు. కాలేషా కంటే పదేళ్ళు పెద్ద. రాజ్యం, భార్య, బిడ్డ అన్నీ పోగొట్టుకుని శ్మశానానికి కాపలా కాసే మహారాజు వేషం ఆయనది. ఒంటికి విభూది, భుజాన కర్ర, ఎదురుగా బట్టలతో చుట్టి చేసిన బిడ్డ శవం. సంపదలు నీటి బుడగలనీ, బంధాలు వట్టి భ్రమలనీ పద్యం ఎత్తుకుంటే జనం కళ్ళు తుడుచుకునేవారు. తుడుచుకుని, "వన్స్ మోర్!" అని అరిచేవారు.

పద్యం నచ్చితే అలా కేక వేయడం, నటుడు దాన్ని మళ్ళీ పాడడం మా నాటకాల ఆనవాయితీ. అంతా భ్రమే అన్న పద్యాన్ని రాఘవులు నాలుగేసిసార్లు పాడేవాడు. అంతసేపూ భార్య వేషం కట్టినామె ఏడుపు ఆపుకుని, పమిట సర్దుకుని, మళ్ళీ ఏడవడానికి సిద్ధంగా నిలబడేది.

వేషం తీసినా ఆయన ఆ మాటలు వదిలేవాడు కాదు. తుఫానులో ఇంటి మీద పెంకులన్నీ లేచిపోయిన రోజున, "పెంకులు మనయ్యా? అసలు మనమే మనవాళ్ళం గాదు," అని మంచమ్మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మిరపతోట కుళ్ళిపోయినా ఆయన కంట తడి చూసినవాళ్ళు లేరు. మహానుభావుడు, ఏదీ అంటించుకోడు అని ఊళ్ళో చెప్పుకునేవారు. నాటకమయ్యాక వ్యానులో, "ఏరా కాలేషా, ఇయ్యాళ ఎన్ని వన్స్ మోర్లు?" అని అడగడం మాత్రం ఊళ్ళోవాళ్ళకు వినపడేది కాదు. ఐదు దాటితే దారిలో బండి ఆపించి ఇడ్లీ తినేవాడు. మూడైతే ఆకలి లేదనేవాడు. నేను వాళ్ళ కాళ్ళ దగ్గరే ఉండేదాన్ని గనక నాకు తెలుసు.

ఆయన పాడేది ఐదు శ్రుతి. అంకె పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తు పెరుగుతుంది, మగగొంతుకు ఐదు ఎత్తే. ఎంత ఎత్తులో పాడితే అంత మొనగాడని మా నాటకాలవాళ్ళ లెక్క. "రాఘవులంటే ఐదు," అని ఆయనే చెప్పుకునేవాడు.

ఆయనకు అరవై రెండో ఏడు వచ్చింది. బాపట్ల దగ్గర ఒక తిరునాళ్ళలో పద్యం పైకి తీసుకెళ్ళి, అక్కడ అందుకోలేక జారిపోయాడు. ఒక్క కేకా రాలేదు. ఇంటికెళ్ళి, "నాదమూ అశాశ్వతమేరా," అన్నాడట. అని, రెండు రోజులు అన్నం ముట్టుకోలేదట. మూడో రోజు కాలేషా నా మెట్ల మీద గుడ్డతో దుమ్ము తుడుస్తూ చాలాసేపు ఆలోచించాడు. తర్వాతి నాటకంలో నన్ను ఐదులో కాకుండా నాలుగున్నరలో పలికించాడు.

పాడేవాడు నా శ్రుతి విని గొంతు ఎత్తుకుంటాడు. అది ఐదో నాలుగున్నరో వాయించేవాడు చెప్పాల్సిందే. ఆ సాయంత్రం పద్యం అందింది. జనం కేకలేశారు. దిగొచ్చాక, "ఎంతలో వాయించావురా?" అని అడిగాడు రాఘవులు. "ఐదులోనే అన్నా," అన్నాడు కాలేషా.

ఇంకేముంది, ఆయన ముఖం వెలిగిపోయింది. కాలేషాకు అంతకంటే ఎక్కువ సంతోషం. మర్నాడు జాన్‌బీతో, "ఒక మనిషిని నిలబెట్టాలంటే ఏందో అనుకుంటాం. అర మెట్టు దింపితే చాలు," అన్నాడు. ఆవిడ కూర తిరగమోత పెడుతూ, "గొంతు ఎందుకు జారిందో ఎవరికన్నా చూపిస్తే పోలా?" అంది. "ఇప్పుడు బాగానే ఉందిగా!" అన్నాడు. ఆవిడకి కూడా ఆ మాట బాగానే తోచినట్టుంది, కూర దించి అన్నం వడ్డించింది.

ఆరు నెలలకు నాలుగు. మరుసటేడు మూడు. ఆ తర్వాత రెండున్నర. తోటి నటులకు తెలుసు. కింది శ్రుతిలో పాడడం వాళ్ళకూ హాయి గనక నోరు మెదపలేదు. రాఘవులు గొంతు బొంగురుపోతూనే ఉంది. మింగుడు పడేటప్పుడు మెడ వంచుకునేవాడు. తిరునాళ్ళ దుమ్మురా అనేవాడు. దేహమన్నాక ఏదో ఒకటి ఉంటుందిలే అనేవాడు. అనేసి, "ఐదులోనేగా?" అని మాత్రం మరిచిపోకుండా అడిగేవాడు. ఇలా ఇద్దరూ కలిసి రెండేళ్ళు గడిపారు. నన్ను అడిగితే నిజం చెప్పేదాన్ని. మనుషులు పెట్టెను అడగరు.

ఒక శ్రావణంలో కాలేషా విషజ్వరం పాలై మోకాళ్ళు వంచలేకపోయాడు. నాటకం ఆపడానికి లేదు. నన్ను వ్యానెక్కించి, పొన్నూరు నుంచి సీతారామయ్య అనే హార్మోనిస్టును పిలిపించారు. పద్ధతైన మనిషి. "శ్రుతి ఎంతండీ?" అని అడిగాడు. "ఐదు. నలభై ఏళ్ళుగా ఐదే," అన్నాడు రాఘవులు. పాపం, సీతారామయ్య ఐదే ఇచ్చాడు.

మొదటి పాదానికే రాఘవులు కళ్ళు పెద్దవయ్యాయి. నా వైపు చూశాడు. రెండో పాదంలో గొంతు చీలింది. దగ్గు వచ్చింది. భుజం మీది తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని తీస్తే, దాని మీద ఎర్రగా ఉంది. తెర దించేశారు.

మర్నాడు పొద్దున్నే నన్ను ఆటోలో వేసుకుని ఆయనే కాలేషా ఇంటికొచ్చాడు. నన్ను వసారాలో దింపించాడు. కాలేషా మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"ఎంతలో వాయించేవాడివిరా?" అన్నాడు రాఘవులు. గొంతులో గాలి తప్ప శబ్దం పెద్దగా లేదు.

"ఐదులోనే అన్నా."

"కాలేషా, నాకు చెప్పు. ఎంతలో?"

కాలేషా గోడవైపు తిరిగాడు. "రెండున్నర," అన్నాడు.

రాఘవులు నేలమీద కూర్చుండిపోయాడు. పెంకులు పోయినా, మిరపతోట పోయినా చెమ్మగిల్లని ఆ కళ్ళు ధారగా కారాయి. "నా గొంతురా... అది నాది గదరా," అన్నాడు. అది నాది అన్న మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు. కాలేషా ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఈ పాటికి ఇందులో ఏదో మేలు వెతికి పట్టుకొచ్చేవాడు. దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

జాన్‌బీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏదీ అంటదనే ఆయన ఒకరు, అన్నీ బాగుంటయ్యనే ఈయన ఒకరు. నోట్లోంచి నెత్తురు పడితే ఇద్దరూ ఇక్కడ కూచుని ఏడుస్తారేంది? లేవండి, గుంటూరు పోదాం!" అని ఇద్దర్నీ కసిరి, అదే ఆటో ఎక్కించింది.

నేను ఆస్పత్రికి వెళ్ళలేదు. జాన్‌బీ తిరిగొచ్చి ఆడపడుచుతో చెప్తుంటే విన్నాను. స్వరపేటిక మీద గడ్డ లేచింది. రెండేళ్ళ కిందట గొంతు జారినప్పుడే వచ్చి ఉంటే చిన్న వైద్యంతో పోయేదని డాక్టరమ్మ అన్నదట. ఇప్పుడు మొత్తం తీసేయాలి, ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం రాదు. రాఘవులు, "మాట పోతే పోనీ. పద్యం వస్తుందా?" అని అడిగాడట. డాక్టరమ్మ కాగితాలు సర్దుకుందట. బయట బల్ల మీద కూర్చున్న కాలేషా, "రెండేళ్ళు దాచింది నేనేనమ్మా," అని దారిన పోయే ప్రతి నర్సుకూ చెప్పాడట.

ఆపరేషనయ్యాక నాలుగు నెలలు నా మీద ఒక పాత దుప్పటి కప్పి ఉంది. కాలేషా మిషను తొక్కేవాడు గానీ నా దగ్గరకు రాలేదు. ఒకామె జాకెట్టు బిగుతైందని తెచ్చిస్తే, సన్నబడ్డానికి మంచి అవకాశం లాంటి మాటేదీ చెప్పలేదు. "తప్పు నాదే," అని కుట్లు విప్పాడు. జాన్‌బీ భయపడింది. ఇన్నాళ్ళూ ఏ మాటకు తిట్టిందో ఆ మాట ఒక్కసారి అనమని బతిమాలింది కూడా. ఆడవాళ్ళకూ ఏం కావాలో ఒక్కోసారి తెలియదు.

ఒక సాయంత్రం రాఘవులు వచ్చాడు. మెడకు తెల్లటి గుడ్డ, చేతిలో పలక. మనిషి సగమయ్యాడు. కాలేషా లేచి నిలబడి, చెప్పులేసుకుని బయటికి పోబోయాడు. జాన్‌బీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

రాఘవులు నా మీది దుప్పటి తీసేశాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ముట్టుకున్నది లేదు. నటుడికి హార్మోనియం ఒక నౌకరు. కాళ్ళు ఆడించడం కూడా తెలియక రెండూ ఒకేసారి తొక్కాడు. నాలో గాలి ఎగిరిపడింది. పలక మీద రాసి కాలేషాకు చూపించాడు. 'నేర్పు' అని ఉంది.

"నాకు చేతగాదన్నా. నన్ను అడగొద్దు," అన్నాడు కాలేషా.

రాఘవులు పలక కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాడు. కోపంగా ఉన్నాడు, ఆశగా ఉన్నాడు. దాచుకోవడానికి ఆయన దగ్గర మాటలు లేవు. చివరికి కాలేషా వచ్చి పక్కన నిలబడి, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో వేలు పెట్టి చూపించాడు.

రాఘవులు నొక్కాడు. స, రి వరకు ఎలాగో వచ్చి, గ దగ్గర వేలు పక్కకు పడింది. నా నోట వచ్చిన శబ్దానికి వీధిలో మేక ఒకటి తలెత్తి చూసింది. ఆయన కాలేషా ముఖంలోకి చూశాడు.

"బాగానే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు కాలేషా. "లేదన్నా. బాగాలేదు. గ తప్పు."

రాఘవులు మళ్ళీ నొక్కాడు.

"తప్పు."

మళ్ళీ నొక్కాడు. నుదుటి మీద చెమట పట్టింది. మెడకు చేసిన రంధ్రంలోంచి వచ్చే ఊపిరికి గుడ్డ ఎగిసి పడుతోంది.

"తప్పన్నా," అన్నాడు కాలేషా. అతని కళ్ళ నీళ్ళు నా మెట్ల మీద పడుతుంటే చొక్కా అంచుతో తుడిచాడు. "కాలు ఆపొద్దు. తొక్కుతా ఉండు."

రాఘవులు కాలు ఆపలేదు. పళ్ళు బిగించి, ఒక్క వేలు చాచి, ఈసారి చాలాసేపు చూసుకుని నొక్కాడు.