ముకద్దం చెప్పిన నలభై జవాబులు

"దగ్గు తగ్గిందంటే మందు పట్టినట్టేనా బాయీ, లేకుంటే లోపల్లోపల తింటనే ఉంటదా?"

పాఠం మొదలు కాకముందే సాయమ్మ అడిగింది. కామాటిపురా భజన మందిరంలో చాప మీద కూర్చున్న మిగతా ముగ్గురు ఆడవాళ్లూ నవ్వారు. కొడుకు శివరాంకి టీబీ అని తేలిన నాటినుంచి రోజుకో భయం ఆమెకి. దాదర్ నుంచి వచ్చిన తారాబాయి మాత్రం నవ్వలేదు. సర్కారు టీబీ మందు పథకం పనిచేస్తోందో లేదో గదుల వరసల ఈ కూలీ చాల్‌ని చాల్ వాళ్లే అడిగి తేల్చాలని, ఆ అడిగే పద్ధతి ఈ నలుగురికీ నేర్పుతోంది.

టీబీ ఉన్న గదికొకటి చొప్పున సాయమ్మ ఇచ్చిన నలభై ఖోలీల కాగితాలు తిరగేసింది. అన్నిట్లోనూ ఒకటే మాట: రోజూ మింగుతున్నారు.

"ఎవరిని అడిగినవ్?"

"బాలనర్సయ్య మామను. కూలీలను పనికి పెట్టే ముకద్దం ఆయనుండంగ గడపగడప ఎక్కుతరా? పోలీసొచ్చినా, మున్సిపాల్టోడొచ్చినా చాల్ దిక్కు ఆయనే చెప్తడు."

"మున్సిపాల్టోడు గట్లనే రాసుకపోయిండు, పథకం మస్తుగ నడుస్తున్నదని," అంది తారాబాయి. "పదకొండో ఖోలీ లచ్చయ్య పోయిన నెల సచ్చిండు గద. నీ కాగితంల ఇంక రోజూ గోలీ మింగుతనే ఉన్నడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సాయమ్మ మొహం మండిపోయింది. నలుగురిలో ఇంత మాటా?

తారాబాయి కోపం ఇంకా తగ్గలేదు. "మింగుతున్నవా అనడగకు. గట్లడిగితే ఎవరైనా ఊ అంటరు. ఆఖరుసారి గోలీలు ఎప్పుడు తెచ్చుకున్నవని అడుగు. అడిగినంక నోరు మూసుకో. జవాబు నువ్వు అందియ్యకు."

దీని పాఠం తగలెయ్య అనుకుంటూనే సాయమ్మ మర్నాడు గడపలెక్కింది. బుచ్చయ్య రెండు నెలల కిందే మానేశాడు. గంగవ్వ గోలీల పొట్లం విప్పనే లేదు. "దవాఖాన తొమ్మిదింటికి తెరుస్తరు. తొమ్మిదింటిదాక కూలీకి పిలిచే నాకా మీద ఎవడుంటడు? మందుకు పోతె పని పాయె" అని ఒకరి తర్వాత ఒకరు కసిరారు, దవాఖాన తాళంచెవి ఆమె కొంగునే ఉన్నట్టు. సాయమ్మ ఒక్కొక్కటీ రాసుకుంది. తారాబాయి మీది కోపం దవాఖాన మీదికి, అక్కణ్ణించి ముకద్దం మీదికి మళ్లింది. చివరికి తన మీదికే వచ్చింది.

ఒక్క ఖోలీ మిగిలింది, తనది.

వానాకాలం వెళ్లి నెలైంది; సాయంత్రం శివరాం సున్నం చేతులు కడుక్కుని తినడానికి కూర్చున్నాడు. ఇన్ని నెలలూ ఆమె అడిగింది ఒక్కటే: "గోలీ మింగినవ్ గద బిడ్డా?" వాడూ ఊ అనేవాడు. ఈసారి కాగితం ఒళ్లో పెట్టుకుంది.

"ఆఖరుసారి గోలీలు ఎప్పుడు తెచ్చుకున్నవ్‌రా?"

"ఏందవ్వా, నన్ను గూడ రాసుకుంటవా?"

పోయిన వారమే గద, అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. బయట నల్లా కింద బిందె నిండి పొర్లుతోంది. లేవలేదు. శివరాం రొట్టె తుంచాడు, తినలేదు. గోడవైపు చూశాడు. ఒక్కసారి దగ్గబోయి ఆపుకున్నాడు. ఆమె చూసింది, అయినా అడగలేదు. బిందె పొర్లుతూనే ఉంది.

"వానలు పడక ముందు," అన్నాడు చివరికి, పళ్లెం పక్కకి నెట్టి. "ఇగ రాస్కో."