పనిలేని నడక

"రోజుకు రెండు మైళ్లు నడువాలె. మందుబిల్లతోని ఒక్కటే అయ్యేది కాదు. నెలకు మళ్ల చూపించుకో" అని జనగామ డాక్టరు చెప్తే సులోచన నవ్వింది. డాక్టరు నవ్వలేదు. "మీ అక్క సంగతి తెల్సు కదా" అన్నాడు.

తెలుసు. షుగరు ముదిరి, కాలి మీద పుండు మానక, అక్క సరోజనకు నిరుడే పాదం తీసేశారు. సులోచనకు నలభై ఎనిమిదేళ్లు. ఎడమకాలి బొటనవేలు అప్పుడే మొద్దుబారింది. చెప్పు జారిపోయినా తెలియడం లేదు.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు వడ్లు దంచింది, బావిలో నీళ్లు చేదింది, ఆరు బర్రెల పాలు పితికింది. తర్వాత మొగుడు వెంకట్రాం పటేల్ రైస్ మిల్లు పెట్టాడు, బావికి మోటారు బిగించాడు, ప్రతి పనికీ ఒక మనిషిని పెట్టాడు. పదేళ్లుగా ఆమె చేసే పనల్లా మంచం మీద కూర్చుని ఆ మనుషులను కేకేయడం. ఆ కూర్చోవడాన్నే ఊరంతా అదృష్టమంది. ఆమె కూడా అదే అనుకుంది, పిచ్చిది.

మర్నాడు పొద్దున్నే రఘునాథపల్లి బాట పట్టింది. నూరడుగులు వేసిందో లేదో, గాజుల లాల్‌బీ ఎదురైంది.

"ఏమైందక్కా? పటేల్‌తోని లడాయి పెట్టుకున్నవా?"

"లేదు లాల్‌బీ. ఊకె నడుస్తున్న."

"ఊకెనా!" అని లాల్‌బీ నోరు నొక్కుకుంది. గాజుల గంప నెత్తిన పెట్టుకుని తాను రోజూ నాలుగూళ్లు తిరుగుతుంది, ఆమెనెవరూ అడగరు. నెత్తిన ఏదో ఒకటి ఉన్న ఆడదానికి పనున్నట్టు లెక్క. ఉత్త చేతులతో పోయే ఆడదంటే ఆ ఊళ్లో ఒకటే అర్థం: అలిగి పుట్టింటికి పోతోంది.

రెండోరోజు తండా మంగ్యా ఎడ్లబండి ఆపాడు. "ఎక్కు దొరసానీ, బస్సు కాడ దించుత" అన్నాడు. వద్దంటే వినడు. ఆమె నడుస్తుంటే తాను బండెక్కి పోవడం మర్యాద కాదని, పక్కనే దిగి నడిచాడు. నాలుగోరోజు ముగ్గురు ఆడవాళ్లు చేతులు పట్టుకుని, బుద్ధులు చెప్పి, ఇంటిదాకా వెనక్కి తెచ్చి దిగబెట్టారు. సులోచనకు ఏడుపొచ్చింది. పదిరోజుల్లో ఒక్కరోజైనా రెండు మైళ్లు పూర్తి కాలేదు.

ఇట్లా కాదని ఖాళీ సద్దిగంప మీద గుడ్డ కప్పి నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. నిజంగానే ఎవరూ ఆపలేదు. కానీ సాయంత్రానికి వెంకట్రాం చిందులు తొక్కుతూ ఇంటికొచ్చాడు.

"పటేల్‌కు జీతగాళ్లు కరువైన్రా, దొరసాని సద్ది మోస్తున్నదని మిల్లు కాడ నవ్వుతున్నరు. మొన్న లడాయన్నరు, ఇయ్యాల గిది! నా ఇజ్జత్ తీస్తవా?"

"నా కాలు తీస్తరంట. గది ఫికరు లేదా నీకు?"

"గంత నడువాలెనంటే వాకిట్ల తిరుగు."

వాకిలి ఇరవై అడుగులు. గానుగెద్దులా దానిలో తిరగమంటున్నాడు. సులోచన పళ్లు కొరుక్కుంది.

లాల్‌బీ గాజులతో పాటు కబురు కూడా మోసిందేమో, మూడోనాటికి మరిపెడ నుంచి తమ్ముడు శ్రీపాల్ బస్సు దిగాడు. ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొచ్చి, "బావా, మా అక్క ఏం తప్పు చేసింది?" అని వరండాలో పంచాయితీ పెట్టాడు. లేని కొట్లాటకు గంటసేపు రాజీ కుదిర్చారు. వెంకట్రాం ఒక చీర కొనాలి, సులోచన గడప దాటకూడదు, బయటికి పోవాలనిపిస్తే జీతగాడు పెద్దులు సవారీబండి కట్టాలి.

"నేను అలగలేదు తమ్మీ! నాకు షుగరున్నది, నడువాలె!" అని ఆమె అరిచింది.

"జర ఓపిక పట్టక్కా. బండి పెడుతున్నం కదా" అన్నాడు శ్రీపాల్ మెత్తగా.

ఆ మెత్తదనానికి సులోచన ఒళ్లు మండిపోయింది. ఇంతమందికి నోరుంది, ఒక్కరికీ చెవుల్లేవు. లేచి, చెప్పులు వేసుకుని, అందరి మధ్య నుంచి వీధిలోకి నడిచింది. ఇప్పుడు మాత్రం నిజంగానే అలిగింది.

వెనక నుంచి వెంకట్రాం బండేసుకొచ్చాడు. పెద్దులు తోలుతున్నాడు.

"ఎక్కు సులోచనా. అందరు చూస్తున్నరు."

"మాట్లాడాలెనంటే దిగి నడువు."

ఏ కళనున్నాడో దిగాడు. నలభై బారలు నడిచాడో లేదో, రొప్పుతూ మైలురాయి మీద కూలబడ్డాడు. ముఖం నల్లబడింది, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. మిల్లు నుంచి ఇంటికి, ఇంటి నుంచి మిల్లుకు బండి మీదే తిరిగే మనిషి. ఆయన కాళ్లు కూడా తన కాళ్లలాగే ఉబ్బి ఉన్నాయి. సులోచన కోపం అట్లాగే ఉంది, దాని మీద భయం వచ్చి కూర్చుంది.

"ఎన్నాళ్ల సంది అయితున్నది నీకు గిట్ల?" అని అడిగింది.

"ఆర్నెల్ల సంది" అన్నాడు వెంకట్రాం తలవంచుకుని. "ఎవలకు చెప్పలే."

ఆమె పెద్దులు వైపు తిరిగింది. "బండి ఇంటికి తోలు. మీ పటేల్ మెల్లగ నడిచొస్తడు."

"నలుగురు ఏమనుకుంటరే?"

"అలిగినదాన్ని బతిమిలాడి తీసుకొస్తున్నవనుకుంటరు. అనుకోనీ."

ఆగుతూ ఆగుతూ ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. పెద్దమనుషులు, శ్రీపాల్ రాజీ కుదిరిందన్న తృప్తితో వెళ్లిపోయారు. వెంకట్రాం మంచం మీద వాలి, ఎప్పటిలాగే చెయ్యి చాపాడు.

"నీళ్లు తే."

సులోచన లేవబోయింది. అలవాటు. కూర్చుని ఊరంతటినీ కేకేసినా, ఈయన చెంబు మాత్రం ముప్పై ఏళ్లుగా తానే అందించింది. ఈ మనిషిని మంచానికి అతికించినదాంట్లో తన చెయ్యి కూడా ఉందని తోచేసరికి, తన మీద తనకే ఒళ్లు మండింది. మళ్లీ కూర్చుంది.

"లేచి తాగు."

వెంకట్రాం ఆమె ముఖం చూశాడు. పట్టె పట్టుకుని మెల్లగా లేచి, నాలుగడుగులు లోపలికి వేసి, వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు.

"కుండ యాడుంటది?" అని అడిగాడు.