బ్యాటరీకి తరుగు

తూకంలో ఓబన్నను మోసం చేసే మొనగాడు సోమందేపల్లె మండలంలో ఇంకా పుట్టలేదు. ఈ మాట చెప్పింది ఓబన్నే. ఇరవై ఏళ్లు వేరుశనక్కాయల మండీలో కాటా పట్టినవాడు. మట్టి ఉందంటూ రైతు బస్తాకు రెండు కిలోలు తరుగు తీసేవాడు. "అంత మన్ను యాడుండాదన్నా?" అని రైతు మొత్తుకుంటే, "తరుగంటే తరుగే" అనేవాడు. అవే కాయలు మిల్లుకు పోయేటప్పుడు అదే మట్టిని భద్రంగా మళ్లీ కలిపేవాడు. వానలు మొహం చాటేసి, కాయలు రాక, చివరికి మండీ మూతపడింది. ఓబన్న కరెంటు ఆటో కొన్నాడు.

నాలుగేళ్లకు ఆటో చతికిలబడసాగింది. ఎత్తు వచ్చిందంటే జనం దిగి తోయాల్సిందే. పాత బ్యాటరీకి మంచి ధర పలికితే కొత్తది వేసుకోవచ్చు. లేకపోతే ఆటో మూలకు, ఓబన్న కూలికి. పాత బ్యాటరీలు కొనే కంపెనీ శనివారం బస్టాండు పక్కన క్యాంపు పెడుతుందని తెలిసి, ముందురోజు మధ్యాహ్నమే స్పానరు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం చేస్తాండావు?" అని భార్య బయమ్మ అడిగింది.

"బరువు పెంచుతాండా. పాతసామాను తూకానికి గాక దేనికి కొంటారే?"

"ముందు వాళ్లను అడిగి సూడరాదా?"

కాటా పట్టినవాడు ఇంకొకణ్ణి అడగడమా? సీలు తెంచి, మూత విప్పి, సందుల నిండా పెన్న ఇసుక పోశాడు. జల్లించిన ఇసుకే. ఏ పనైనా శుభ్రంగా చేయడం ఓబన్న గుణం.

క్యాంపులో కాటా కనబడలేదు. ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, ముందు గోరంట్ల నుంచి వచ్చిన చంద్రిక అనే ఇంజనీరు.

"కాటా యాడుండాది పాపా?"

"తూకానికి కాదన్నా. లోపల ఇంకెంత సత్తువ ఉండాదో చూసి ధర కడతాం." వైరు తగిలించి చూసింది. ఆమె మొహం విప్పారింది. "నీది భలే ఉండాదన్నా. రెండు సెల్లులే పోయినాయి. అవి మారిస్తే ఇంకో మూడేండ్లు తిరుగుతాది. కొత్తదెందుకు, దుడ్లు దండగ."

ఓబన్న ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మూత గుర్తొచ్చి ఉసూరుమంది.

"ఈపొద్దు వద్దులే పాపా, రేపొస్తా" అంటూ గబగబా బ్యాటరీ ఎత్తబోయాడు. అది ఒక పక్కకు ఒరిగింది. మూల నుంచి సన్నగా ఇసుక బల్ల మీదికి జారింది.

చంద్రిక ఇసుకనూ చూసింది, తెగిన సీలునూ చూసింది.

"దీన్ని బాగుచేసి రోడ్డెక్కించలేమన్నా. ఎప్పుడంటుకుంటాదో తెలీదు. ఇంక కరిగించి లోహం తీసేదానికే."

"దానికి ధర?"

"అది తూకానికే" అంటూ బల్ల కింద నుంచి కాటా బయటికి లాగింది.

నలభై ఆరు కిలోలు చూపింది. పాత అలవాటు కొద్దీ ఓబన్నకు లోలోపల కాస్త సంతోషం కూడా కలిగింది.

"ఇసుకకు ఆరు కిలోలు తరుగు" అని చంద్రిక రాసుకుంది.

"నేను పోసింది నాలుగే పాపా."

"తరుగంటే తరుగేనన్నా" అంది ఆమె తలెత్తకుండా.

ఆ మాటకు బదులు చెప్పగలిగిన రైతును ఇరవై ఏళ్లలో ఓబన్న ఒక్కణ్ణి కూడా చూడలేదు.