కదిలే కేక

మామిడి పూతకి ముందు ఆగిరిపల్లి రైతుకి కాస్త తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో ఎవరైనా తిరుపతి వెళ్తారు, లేదంటే పెళ్లిళ్లకి. సింధూర మాత్రం మొగుడు కృష్ణకాంత్‌ని అండమాన్‌లో ఓ మూల దీవికి లాక్కెళ్లింది. పక్షుల్ని చూడటానికని ఊళ్లో చెప్పారు గానీ, ఆ మాట నమ్మినవాళ్లు ఎవరూ లేరు. ఆమె తమ్ముడు వినోద్ కిందటేడు అదే దీవికి పక్షుల కోసమే వెళ్లాడు. ఓ సాయంత్రం అడవిలోకి నడిచి మళ్లీ రాలేదు. శవం దొరకలేదు కాబట్టి వాడు బతికే ఉన్నాడని సింధూర పట్టు.

దీవిలో నాలుగు గదులు, ఓ వంటపాక ఉన్నాయి. వాటిని చూసుకునే షాలోమి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ల పిల్ల. వెనకాల అడవి, అడవి దాటితే మొసళ్లుండే కాలువ. మొదటి సాయంత్రం గబ్బిలాలు గుంపులుగా లేస్తుంటే, కృష్ణకాంత్ తోటలో అలవాటుకొద్దీ, మోగించి వాటిని తోలడానికి రేకుడబ్బా కోసం చుట్టూ వెతికాడు.

"మన తోట కాదండీ, తిననివ్వండి పాపం," అని సింధూర ఏడాది తర్వాత మొదటిసారి నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే అడవిలోంచి కేక వినబడింది. "కూ..."

అది వినోద్ గొంతు. గుబురు తోటల్లో మాటల్ని ఆకులు మింగేస్తాయి, కూ అన్నదొక్కటే చెవిన పడుతుంది. అందుకే తప్పిపోయినవాడు కూ అని ఉన్నచోటే నిలబడాలి. విన్నవాడు కూ అని పలికి, వెతుక్కుంటూ వెళ్లాలి. నడక వచ్చిన దగ్గర్నుంచీ తోటల్లో పిల్లలకి నేర్పేది ఇదే. సింధూర ఆలోచించలేదు. గొంతు చించుకుని "కూ" అని పలికి పరుగందుకుంది.

కృష్ణకాంత్ చెయ్యి పట్టి ఆపాడు. "ఆగు. విను."

కేక మళ్లీ వచ్చింది, ఈసారి ఎడమవైపునుంచి. కాసేపటికి ఇంకా లోపల్నుంచి.

"అది కదుల్తోంది సింధూ. తప్పిపోయినవాడు కదలకూడదని మీవాడికి తెలీదా? ఏదో పిట్ట, వాడి గొంతు నేర్చుకునుంటది."

సింధూర ఇసకలో కూలబడి భోరుమంది. ఏడాదిగా దాచుకున్న ఆశ ఆ ఒక్క మాటతో పోయింది. తమ్ముడు లేడు. ఆ నిజం ఆమె మనసుకి అప్పుడే ఎక్కింది.

వంటపాకలోంచి పరుగెత్తుకొచ్చిన షాలోమి మొహంలో నెత్తురు లేదు. "ఎవరండీ పలికింది? మీరేనా?"

సింధూర తలూపింది.

"మేమిక్కడ పొద్దుగూకాక ఎవర్నీ కేకేసి పిలవమండీ. దగ్గరికెళ్లి భుజం తడతాం. అడవిలో ఏదో ఉంది, పలికినవాళ్ల గొంతు దానికొచ్చేస్తది. మీ తమ్ముడుగారూ పలికారు. చెప్తే పోలీసులు నవ్వారు. ఎల్లుండి పడవ వచ్చేదాకా ఒకర్నొకరు వదలకండి."

కృష్ణకాంత్ మర్యాదకి తలూపాడు గానీ, గదిలోకి వెళ్లాక నవ్వేశాడు. సింధూరకి మాత్రం నవ్వు రాలేదు. మర్నాడంతా అతని చొక్కా అంచు వదల్లేదు. పోయినవాడు ఎటూ పోయాడు, ఉన్నవాణ్ణి క్షేమంగా ఇల్లు చేరిస్తే చాలనుకుంది.

సాయంత్రం ఒడ్డున సముద్రపు గద్ద గూట్లో పిల్లలకి చేప ముక్కలు తినిపిస్తోంది. చూసేకొద్దీ చూడాలనిపించింది. "మంచినీళ్ల సీసా తెస్తా, ఇక్కడే ఉండు," అని కృష్ణకాంత్ గది వైపు నడిచాడు. ఆమె తల తిప్పకుండానే ఊఁ అంది.

వెలుగు సన్నగిల్లి గద్ద గూట్లో సర్దుకుంది. అప్పుడు అడవిలోంచి కేక వచ్చింది. "కూ..."

ఈసారి అది సింధూర గొంతే.

గది దగ్గర్నుంచి కృష్ణకాంత్ "కూ" అని పలికాడు. సింధూర "రావద్దండీ! అది నేను కాదు!" అని అరుస్తూ ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. మాటల్ని అలల హోరు మింగేసింది. అవతలికి చేరింది ఉత్త అరుపే. భార్య భయపడుతోందని అతను వేగం పెంచినట్టున్నాడు, ఈసారి అతని గొంతు చెట్ల లోపల్నుంచి వచ్చింది. లోపలి కేక ఇంకో అడుగు కాలువ వైపు జరిగింది. మళ్లీ అరవబోయి సింధూర రెండు చేతులతో నోరు మూసుకుంది. ఈ దీవి మీద ఆమె గొంతు ఎక్కణ్ణుంచి వినబడినా, అతనికి అది రమ్మనే పిలుపే.

కాలువ పక్కనుంచి కృష్ణకాంత్ ధైర్యం చెబుతున్నాడు.

"వచ్చేస్తున్నా సింధూ! నువ్వు మాత్రం కదలకు!"