నీళ్లు తాగిన జీన్సు

సాయంత్రంలోగా ఒక జీన్స్ ప్యాంటు దొరక్కపోతే మోతీరాం ఈ చలికాలం కూడా చెరకు కొట్టడానికి పోవాల్సిందే.

ఆ సంగతి పొద్దున్నే బాన్సువాడ బస్టాండు పక్కన, చాయ్ హోటల్లో తేలిపోయింది. వినాయక మంటపం దగ్గర ఆ రోజు దేవిదాస్ మాస్టర్ ఆర్కెస్ట్రా ప్రోగ్రాం ఉంది. నిజామాబాద్ నుంచి ఒక కాంట్రాక్టరు చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే దసరా నుంచి వేసవి దాకా ఊరూరా ప్రోగ్రాములే. పాడేవాళ్లు కుదిరారు, కేసియో కీబోర్డు వాయించేవాడు కుదిరాడు. డ్రమ్స్ వెనక స్టూలు మాత్రం ఒకటే, దాని మీద కన్నేసిన వాళ్లు ఇద్దరు. ఒకడు తండా మనిషి మోతీరాం. చిన్నప్పటి నుంచి పండుగలకు నగారా కొట్టిన చేతులు. రెండోవాడు రాజేశ్వర్. వాళ్ల నాన్నకు కాలువ కింద వరి, చెరకు ఉన్నాయి.

"ఇయ్యాల అందరు జీన్స్ ప్యాంట్లు ఎయ్యాలె," అన్నాడు దేవిదాస్ మాస్టర్, సాసర్లో చాయ్ ఊదుకుంటూ. "మీద తెల్ల అంగి. బొంబాయి పార్టీ లెక్క కొట్టొచ్చినట్టు కనబడాలె."

మోతీరాం చేతిలో గ్లాసు ఆగిపోయింది. "గిప్పుడు చెప్తే ఎట్ల మాస్టర్?"

"పరేశాన్ ఎందుకు మోతీ?" అన్నాడు రాజేశ్వర్. "నీకు లేకుంటే నాకున్నది గద. స్టూలు మీద నేను కూసుంట. నువ్వు ముంగట కూసోని చప్పట్లు కొట్టు."

మాస్టర్ చెవిలో ఈ మాట ఎవరు ఊదారో మోతీరాంకు అప్పుడు అర్థమైంది. రాజేశ్వర్ పోయిన వారమే హైదరాబాద్ ఆబిడ్స్ నుంచి జీన్స్ తెచ్చుకున్నాడు. దాని ఖరీదు రెండు బస్తాల వడ్లంతని తనే ఊరంతా చాటాడు. ఇప్పుడు కూడా హోటల్ అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, తన తొడల వంక తానే చూసుకుంటున్నాడు.

"మైకులు పెట్టే యాళ్లకు ప్యాంటుతోని రా, స్టూలు నీదే," అన్నాడు మాస్టర్. "లేకుంటే ఇగ నన్ను అడగకు."

మోతీరాం చాయ్ సగంలో వదిలేసి లేచాడు. జేబులో నారు మోసిన కూలి డబ్బులున్నాయి. తండాలో చెరకు కొట్టే కూలీలను తోలుకుపోయే ముకద్దం అప్పుడే మనుషుల పేర్లు రాసుకుంటున్నాడు. చెరకు కత్తి పట్టిన చేతికి వేళ్లు బిగుసుకుపోతాయి. నిరుడు తిరిగొచ్చాక నెల దాకా డ్రమ్ పుల్ల వేళ్ల మధ్య తిరగలేదు. ఇంకో సీజన్ పోతే ఆ చేతులు ఇక చెరకుకే పనికొస్తాయి.

హన్మాండ్లు సేటు రెడీమేడ్ దుకాణం అప్పుడే తెరిచారు. సేటు ముందు చవకది తీసి పరిచాడు. దూరం నుంచి చూస్తే జీన్సే. మోతీరాం కాలు లోపలికి చెయ్యి పెట్టి తిరగేశాడు. లారీ మీద క్లీనర్‌గా బొంబాయి తిరిగే లోక్యా, తండాలో తన దోస్తు, ఒకసారి చెప్పాడు. నిజమైన జీన్స్ లోపల తెల్లదారం కనబడుతుందట. ఇది లోపలా బయటా ఒకే నీలం. పిడికిట పట్టి నలిపి వదిలితే పాత కాగితంలా నలిగిపోయింది.

"గిది లుంగీ గుడ్డకు రంగేసినట్టున్నది సేటూ."

"నీ పైసలకు గదే వస్తది. గిది చూడు." సేటు పై అరలోంచి ఇంకోటి దించాడు. మందపు గుడ్డ, జంట కుట్లు, జేబు మూలల్లో రాగి గుబ్బలు. మోతీరాం తెర వెనక వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. హీరోలా ఉన్నాడు. తర్వాత సేటు స్టూలు లాక్కుని కూర్చుని, కుడికాలితో నేల మీద డబడబా తొక్కాడు. మోకాలు లేవలేదు. తొడ దగ్గర పట్టేసింది, వెనక నడుము దగ్గర చెయ్యి దూరేంత సందు తెరుచుకుంది.

"ప్యాంటు కొనేటోనివా, బండికి కిక్కు కొట్టేటోనివా?" సేటు అరిచాడు. "కుట్లు పిగిల్తే ఎవడు కొంటడు?"

"డ్రమ్ము కాలుతోని గూడ కొట్టాలె సేటూ. నిలబడి కొట్టేది కాదు."

ఆ ప్యాంటు డబ్బుకు అందదు. అందినా అందులో కాలు లేవదు. మోతీరాం విప్పి ఇచ్చేసి, మద్నూర్ బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాడు.

బస్సు ప్రతి చెట్టు దగ్గరా ఆగింది. ఆగినప్పుడల్లా మోతీరాం కిటికీలోంచి తల బయటపెట్టి ఎండ చూశాడు. లోక్యా లారీ బొంబాయి సరుకుతో వచ్చి మద్నూర్ దాబా దగ్గర ఆగే రోజు ఇదే. వచ్చి వెళ్లిపోయి ఉంటే?

వెళ్లలేదు. మద్నూర్ దాబా ముందు నవారు మంచం మీద లోక్యా చొక్కా లేకుండా పడుకుని ఉన్నాడు.

"లే భీయా! జీన్స్ ప్యాంట్లున్నయా?"

"పెండ్లి గిట్ల కుదిరిందా మోత్యా?" లోక్యా కళ్లు నులుముకుంటూ లారీ కేబిన్లోంచి ఒక మూట లాగాడు. బొంబాయిలో విదేశాలకు కుట్టే కంపెనీల్లో తీసిపారేసిన సరుకు. డ్రైవరు దారిపొడుగునా అమ్ముకుంటూ వచ్చాడు. మిగిలినవి కొన్నే. మరాఠీ మాట్లాడే ఇద్దరు డ్రైవర్లు అప్పటికే మూట మీద వంగి బేరమాడుతున్నారు.

మోతీరాం వాళ్ల మోచేతుల కింది నుంచి చెయ్యి పెట్టి రెండు లాగాడు. ఒకటి నడుముకు సరిగ్గా సరిపోయింది. కానీ గుడ్డ పల్చన, జిప్పు సగంలో ఆగుతోంది, లోపల ఒంటికుట్టు. రెండోది గట్టి సరుకు. లోపల తెల్లదారం, జంట కుట్టు, బొత్తాం వేలితో లాగినా కదల్లేదు. ఎందుకు తీసిపారేశారంటే వెనక జేబు ఒకటి కొంచెం వంకర. అయితే అది ఏనుగుకు కుట్టినట్టుంది. నడుములో పిడికిలి దూరుతుంది, కాళ్లు చెప్పుల మీద పడుతున్నాయి.

"ఏది తీస్కోవాలె?"

"గట్టిదే తీస్కో," అన్నాడు లోక్యా. "నడుము ఎక్కువుంటే కుట్టొచ్చు, తక్కువుంటే ఏం జేస్తవ్? గుడ్డ ఖరాబుంటే ఎవ్వడు బాగు జేస్తడు? వంకర జేబు నీ ఎన్క ఉంటది, నీకేం ఫికర్? నీ ముడ్డి చూసెటోళ్ల ఫికర్ అది."

ఒక డ్రైవరు చెయ్యి అదే ప్యాంటు మీద పడింది. మోతీరాం డబ్బులు లోక్యా గుప్పిట్లో కుక్కి, ప్యాంటు చంకన పెట్టుకుని పరుగు తీశాడు. హైదరాబాద్ పోయే లారీ ఒకటి పిట్లం దాకా తెచ్చింది. అక్కడి నుంచి ఇంకో బస్సు. తండా దారి మలుపులో దిగేసరికి పొద్దు నడినెత్తి దాటింది.

తల్లి హీరాబాయి గుడిసె ముందు ఘాగ్రాకు అద్దాలు కుడుతోంది. ఆమె కుట్టు అంటే చుట్టుపక్కల తండాలన్నిటికీ నమ్మకం. మోతీరాం ప్యాంటు ఆమె ఒళ్లో పడేసి, తమ భాషలో గబగబా చెప్పాడు. "యాడీ, నడుం దగ్గర గింత లోపలికి గుంజి కుట్టు. కాళ్లు మడ్సి కుట్టు. నేను కాల్వల మునిగొస్త. జల్ది!"

హీరాబాయి గుడ్డను బొటనవేలితో రాసి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "కోరా బట్ట," అంది. మోతీరాం వినలేదు. అప్పటికే గట్టు దిగిపోయాడు.

తల తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి పొయ్యి మీద పెద్ద గుండిగ మసులుతోంది. తల్లి కర్రతో ఏదో తిప్పుతోంది. గుండిగలో నీళ్లు సిరాలా ఉన్నాయి. ఆ సిరాలోంచి ఒక రాగి గుబ్బ పైకి తేలి మళ్లీ మునిగింది.

"యాడీ! ఏం జేసినవ్!"

"ఏం జేసిన?" హీరాబాయి తిప్పడం ఆపలేదు. "కోరా బట్ట తెచ్చి కుట్టుమంటివి. నీళ్లు తాగకుండ సూది పెడ్తారార? నీ చెల్లె కమ్లి ఘాగ్రాకు మీ చిన్నమ్మ గట్లనే పెట్టింది. మొదటి ఉతుకుకే ముడ్సుకపోయి అద్దాలన్ని ఊడినయ్. నా చేతి కుట్టు గట్ల ఊడదు. ఇది ఎండనీ, రేపు కుడత."

"రేపు నేను ముకద్దం ముంగట నిలబడ్త! ఇయ్యాల పొద్దుమీకకే ప్రోగ్రాం!"

హీరాబాయి చేతిలో కర్ర ఆగింది. కొడుకు ముఖం చూసింది, ఆకాశం చూసింది. నిజాంసాగర్ వైపు మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

"గా మాట ముందుగాల చెప్పొద్దా?" అంది. ప్యాంటు కర్రతో పైకి తీసింది. చెరో కొస పట్టుకుని పిండారు. నీలం నీళ్లు మోచేతుల దాకా కారాయి. ఎండేదాకా ఆగితే స్టూలు పోతుంది. ఆగకపోతే తడిప్యాంటు. మోతీరాం పళ్లు బిగించి, పొగలు కక్కుతున్న ప్యాంటులో కాళ్లు దూర్చాడు. నడుముకు నైలాన్ తాడు బిగించి కట్టాడు. తెల్ల చొక్కాను మడిచి హ్యాండిల్‌కు తగిలించి సైకిలెక్కాడు.

"తాడు కనబడ్తున్నదిరా!" వెనక నుంచి తల్లి కేకేసింది.

రోడ్డు మీదకు వచ్చాక గాలి మొదలైంది. ప్యాంటు రెండు బస్తాల బరువుంది. ఒక్కో తొక్కుకూ గుడ్డ తొడలకు అతుక్కుని చల్లగా లాగుతోంది. ఎదురొచ్చిన ఎడ్లబండివాడు చూసి నవ్వాడు. మబ్బు వెనకనే తరుముకొస్తోంది. వాన పడితే ఇక ఎండే మాటే లేదు. మోతీరాం సీటు మీద నుంచి లేచి తొక్కాడు.

కాలువ వంతెన దాటుతుండగా నడుముకు కట్టిన తాడు వదులైనట్టనిపించింది. ప్యాంటు జారుతోందని ఒక చేత్తో గబుక్కున పట్టుకున్నాడు. జారలేదు. తాడే జారింది. ప్యాంటు దగ్గరికొచ్చింది.

మొదట సంతోషమేసింది, మరుక్షణం నడుము దగ్గర వేళ్లు పెట్టి చూసుకున్నాడు. పిడికిలి దూరిన చోట ఇప్పుడు నాలుగు వేళ్లే దూరుతున్నాయి. ఇంకా ముడుచుకుంటే? ఆబిడ్స్ ప్యాంటుకన్నా బిగుసుకుపోతే? సగం దారిలో నడుముకు పట్టేసి ఊపిరాడకపోతే? విప్పి ఆరేద్దామంటే రోడ్డు, జనం. అతనికి ఒకటే తోచింది. ముడుచుకునేదేదో తన కాలు ఎంత వంగాలో అంత వదిలి ముడుచుకోనీ. మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలేంత ఎత్తు లేపుతూ, డ్రమ్ పెడల్ తొక్కినట్టు తొక్కాడు. వంగినప్పుడల్లా గుడ్డ మోకాలి దగ్గర సాగింది, తొడ దగ్గర చోటిచ్చింది.

బాన్సువాడ రైసుమిల్లుల దగ్గరికి వచ్చేసరికి మబ్బు పక్కకు తిరిగింది. తాడు ఊడి ఎక్కడో దారిలో పడిపోయింది. అది మోతీరాం గమనించనే లేదు.

మంటపం ముందు మైకులు "హలో, హలో" అంటున్నాయి. డ్రమ్స్ వెనక, తెల్లగుడ్డ కప్పిన స్టూలు మీద రాజేశ్వర్ కూర్చుని ఉన్నాడు. ముందు కుర్చీలో కాంట్రాక్టరు కిళ్లీ నములుతున్నాడు. మాస్టర్ ఒక పాట ఎత్తుకుని ఆపాడు, మళ్లీ ఎత్తుకుని ఆపాడు.

"రాజేశ్వర్, కింది డ్రమ్ము యాడ పోయింది? తాళం కుంటుతున్నది!"

"కొడుతున్న కద మాస్టర్!" రాజేశ్వర్ చొక్కా కింద చెయ్యి పెట్టి బొత్తాం విప్పుకుంటున్నాడు. ముఖం కందిపోయింది. అద్దం ముందు నిలబడి కొన్న ప్యాంటు అది. మోకాలు లేవాలంటే నడుము కోస్తోంది, నడుము వదిలినా తొడ పట్టేసి మోకాలు లేవట్లేదు.

మోతీరాం తెల్ల చొక్కా తొడుక్కుని స్టేజీ ఎక్కాడు. మాస్టర్ అతని నడుము పట్టీ పట్టుకుని లాగి, కాళ్ల దాకా చూశాడు. ప్యాంటు కాళ్లు చెప్పుల అంచు దగ్గర ఆగాయి. "అరె! కొలిచి కుట్టినట్టున్నది. యాడ తెచ్చినవ్?"

"మద్నూర్ల కొన్న మాస్టర్. మా యాడీ సరి జేసింది."

రాజేశ్వర్ చెయ్యి చాపి తొడ తాకి చూశాడు. "ఏందిరా, తడిగున్నది? స్టేజీ చూడంగనే ప్యాంటుల పోసుకున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"పోసుకున్నదేదో ఇప్పుడు ఇనిపిస్త, లే అన్నా," అన్నాడు మోతీరాం.

రాజేశ్వర్ లేవలేదు. మాస్టర్ వంక చూశాడు. మాస్టర్ కాంట్రాక్టరు వంక చూశాడు. కాంట్రాక్టరు కిళ్లీ రసం ఉమ్మి, "పొద్దుపోతున్నది, ఎవడో ఒకడు కొట్టుండ్రి," అన్నాడు.

"ఒక్క పాట," అన్నాడు మాస్టర్.

మోతీరాం కూర్చున్నాడు. మోకాలు లేచింది, దిగింది. పెద్ద డ్రమ్ము దుమ్మని మోగేసరికి మంటపం చుట్టూ కట్టిన రంగు కాగితాలు అదిరాయి. చేతులు వాటంతటవే పరుగెత్తాయి, కాలు వాటిని తోసుకుంటూ పోయింది. జనం కూర్చున్న చోటి నుంచి లేచారు. పాట ఆగేసరికి కాంట్రాక్టరు కిళ్లీ నమలడం మర్చిపోయి ఉన్నాడు. మాస్టర్ ఒక గిలక్కాయల జత తీసి రాజేశ్వర్ చేతిలో పెట్టాడు.

"గియ్యి ఊపు. నిలబడి ఊపేటియి. నీ ప్యాంటుకు గదే మంచిగుంటది."

మూడు పాటల తర్వాత వినాయకునికి హారతి ఇవ్వడానికి మైకులు ఆపారు. మోతీరాం లేచి చూస్తే స్టూలు మీది తెల్లగుడ్డపై రెండు తొడల అచ్చు నీలంగా దిగి ఉంది. రాజేశ్వర్ కూడా దాన్ని చూశాడు, చూసి ముఖం తిప్పుకున్నాడు.

"మోత్యా!"

స్టేజీ పక్క నుంచి పిలుపు. గణపతిని చూడ్డానికి వచ్చిన తండా జనంతో ట్రాక్టరు ట్రాలీలో హీరాబాయి కూడా వచ్చింది. మోచేతుల దాకా నీలం అలాగే ఉంది. పైట కొసకు దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది. ఆమె పాటలేమీ విన్నట్టు లేదు. ఆమె చూపంతా కొడుకు నడుము మీదే ఉంది.

"ఎండిందా?" అంది, సూది చేతిలోకి తీసుకుంటూ. "జల్ది గా తెర ఎన్కకు పోయి విప్పు. మళ్ల పాట మొదలు పెట్టేలోపల నడుం కుట్టి ఇస్త."

మోతీరాం ఆమె చెయ్యి పట్టుకుని, తన నడుము పట్టీ లోపల రెండు వేళ్లు పెట్టించాడు. రెండు వేళ్లే దూరాయి. హీరాబాయి వేళ్లు బయటకు తీసి, ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూసింది.

"జేబు వంకరున్నదిరా," అంది చివరికి. "అదన్న కుట్టనీ."